రికార్డు బొమ్మలు

ముప్పై ఆరేళ్ళొచ్చాక డ్రాయింగు నేర్చుకోవడం మొదలుపెట్టాను. సాహిత్యంలో డాక్టరేట్ చేసి, పదేళ్ళుగా ఇతరుల రచనల మీద వ్యాసాలు రాస్తున్న చేతికి ఒక గీత తిన్నగా గియ్యడం రాదని తెలిసి సిగ్గేసింది. ఆదివారాలు యానాంలో బస్సెక్కి కాకినాడలో ఒక మాస్టారి దగ్గరికి వెళ్తున్నాను. క్లాసులో మిగతావాళ్ళంతా ఇంటర్ పిల్లలు. నన్ను "మేడమ్" అంటారు. నా బొమ్మ చూసి మాత్రం నవ్వాపుకోలేరు.

మొదటి ప్రాజెక్టు గౌతమి గట్టున కట్టేసిన పడవలు. రెండోది చేపలమ్మే ఆడవాళ్ళు. మూడోదానికి మాస్టారు "మీకు బొమ్మల మీద ఇష్టం పుట్టించినవాళ్ళెవరో ఆలోచించి, వాళ్ళని గీసుకురండి" అన్నారు. పిల్లలు బాపు అన్నారు, వడ్డాది పాపయ్య అన్నారు. నేను కొంచెం గొప్పగా దామెర్ల రామారావు అన్నాను.

చెప్పాను కదా అని రాజమండ్రిలో ఆయన పేరున ఉన్న ఆర్ట్ గ్యాలరీకి వెళ్ళాను. రామారావు 1897లో ఆ ఊళ్ళోనే పుట్టాడు. ఆర్ట్స్ కాలేజీ ప్రిన్సిపాల్ ఆస్వాల్డ్ కూల్డ్రే ప్రోత్సాహంతో బొంబాయి జె.జె. స్కూల్ ఆఫ్ ఆర్ట్‌లో చదివాడు. తిరిగొచ్చి తన ఊళ్ళో బొమ్మలు నేర్పాడు. 1925లో మశూచి వచ్చి, ఇరవై ఎనిమిదేళ్ళు నిండకుండానే పోయాడు. వరదా వెంకటరత్నంలాంటి స్నేహితులు పట్టుబట్టి కాపాడబట్టి ఆ చిత్రాలు ఈరోజు మనకి మిగిలాయి.

ఆయన భార్య సత్యవాణి, సోదరి బుచ్చికృష్ణమ్మ కూడా చిత్రకారిణులే. ఈ సంగతి నాకు ముందే తెలుసు. కానీ ఎప్పుడు చెప్పినా "భార్య కూడా, సోదరి కూడా" అనే చెప్పాను. స్త్రీవాద విమర్శ మీద పరిశోధన చేసినదాన్ని, ఆ "కూడా" నా నోట్లోంచి ఎలా వస్తోందో గమనించుకోలేదు. తిరుగు బస్సులో అదే ఆలోచిస్తుంటే ద్రాక్షారామం దాటాక మా అమ్మ గుర్తొచ్చింది.

నేను ఇంటర్ బైపీసీ చదివాను. బోటనీ, జువాలజీ రికార్డుల్లో బొమ్మలన్నీ అమ్మ వేసింది. అమ్మ చదివింది పదో తరగతి. మేమంతా గైడులో బొమ్మ చూసి దించేవాళ్ళం. అమ్మ అలా కాదు. పెరట్లోంచి మందారపువ్వు కోసుకొచ్చి, బ్లేడుతో నిలువునా చీల్చి, దీపం దగ్గర పెట్టుకుని చూసి వేసేది. అందరి భోజనాలూ అయ్యి, గిన్నెలు తోముకున్నాక రాత్రి పదింటికి. నాకు రికార్డుకి పూర్తి మార్కులొచ్చాయి. లెక్చరరు నా రికార్డు క్లాసంతా తిప్పి చూపించారు. నేను నిలబడి నవ్వాను. అట్ట మీద నా పేరే ఉంది మరి. తర్వాత మరో నలుగురు స్నేహితురాళ్ళ రికార్డులూ అమ్మే వేసిపెట్టింది. ఇల్లు మారినప్పుడు నా రికార్డుల్ని పాత పేపర్లతో కలిపి తూకానికి అమ్మేశాం. అమ్మేసింది నేనే.

గొప్ప స్త్రీ చిత్రకారులు ఎందుకు లేరని 1971లో లిండా నాక్లిన్ అడిగింది. ప్రతిభ లేక కాదు, నేర్చుకునే చోటికి వాళ్ళని రానివ్వక అంది. యూరప్ అకాడమీల్లో మోడల్‌ని ఎదురుగా పెట్టుకుని మనిషి శరీరాన్ని గీసే తరగతులకి ఆడవాళ్ళని చాలాకాలం దూరంగా ఉంచారు. ఆ వ్యాసాన్ని నేను పిల్లలకి పాఠంగా చెప్పాను. మా ఇంట్లో అమ్మని ఎవరూ ఏ తలుపు దగ్గరా ఆపలేదు. అసలు తనకొక తలుపుండాలని ఎవరికీ తోచలేదు, అంతే. సత్యవాణికీ బుచ్చికృష్ణమ్మకీ బొమ్మలు గియ్యడం ఒక పనిగా చెల్లే ఇల్లు దొరికింది. అమ్మకి దొరికింది నా హోంవర్కు.

మూడో ప్రాజెక్టుకి అమ్మనే గీద్దామని కూచున్నాను. రొయ్యలు ఒలుస్తోంది.

"కాసేపు చేతులు కదపకమ్మా."

"కదపకపోతే కూర ఎవరొండుతారే?"

కదిలే చేతుల్నే గీశాను. చెయ్యి కడుక్కొచ్చి చూసి, "బొటనవేలు పొడుగైపోయింది. ఇలాతే" అని పెన్సిలు లాక్కుంది. నాలుగు గీతల్లో సరిచేసింది. ఇరవై ఏళ్ళ తర్వాత కూడా ఆ చెయ్యి తడబడలేదు.

మాస్టారు ఆ వేలు చూసి "ఇది బావుంది" అన్నారు. ఈసారి నిలబడి నవ్వలేదు. "అది మా అమ్మ గీసింది సార్" అన్నాను. పిల్లలు నవ్వారు. నాకేం అనిపించలేదు.

ఆరోజే ఇంకో స్కెచ్ బుక్కు కొని అమ్మకిచ్చాను. "ఈ వయసులో నాకెందుకే" అంటూ ఫ్రిజ్ మీద పడేసింది. మొన్న తీసి చూశాను. మొదటి రెండు పేజీల్లో పాల లెక్క. మూడో పేజీలో మందారపువ్వు, సగం. కుక్కరు విజిలేసి ఉంటుంది, లేచి వెళ్ళిపోయినట్టుంది.