నారింజ రాళ్ల వెంట

ఏమండీ, మీ సైకిలు ఇంకా మెట్ల కిందే దుమ్ము కొట్టుకుని ఉందా? దాని సీటు మీద ఆరేసిన తువ్వాలు నాకు ఇక్కడికే కనిపిస్తోంది. తీసేయండి. టైర్లకు గాలి కొట్టించండి. చలికాలం వచ్చేసింది. మీరేమో ఆదివారం వస్తే చాలు డుమస్ బీచి, టమాటా భజియా అంటూ అదే పాట. భజియాలు ఎక్కడికీ పారిపోవు లెండి.

మన సూరత్ నవాగామ్‌లో సైకిలంటే డ్యూటీ. హ్యాండిలుకు టిఫిను డబ్బా తగిలించుకుని మరమగ్గాల సాంచెల కార్ఖానాకు పోవడం, చెవుల్లో ఆ చప్పుడు నింపుకుని తిరిగి రావడం. ఆ దారిలో బట్ట తాకాలు నింపుకున్న టెంపో మన మోచేతిని రాసుకుంటూ పోతుంది. ఆటోవాడు ఎడమ చెయ్యి చూపించి కుడికి తిప్పుతాడు. అందులో సరదా ఎక్కడుందంటే నేనేం చెప్పను? లేదు. సరదా వంద కిలోమీటర్ల పైనే ఉంది, తూర్పున, డాంగ్ జిల్లాలో.

డాంగ్ అనగానే సపుతారా అంటారు మీరు. తెలుసు నాకు. అందరూ అదే అంటారు, అందుకే ఆ రోడ్డు వద్దు. వఘై దాటి సపుతారా ఎక్కే ఘాట్‌లో ఆదివారం నాడు కార్లు, టూరిస్టు బస్సులు, నాసిక్ వైపు పోయే లారీలు. మలుపు మలుపుకీ హారను. సపుతారా సముద్ర మట్టానికి సుమారు 1,000 మీటర్ల ఎత్తు. మన సూరత్ మహా అయితే పదీ పదిహేను మీటర్లు. అంత ఎత్తు ఎగశ్వాసతో ఎక్కి, పైన బోటింగు టికెట్టు కోసం వరసలో నిలబడాలా? మీ ఇష్టం. నేను రాను.

మరి ఏ రోడ్డు? అదేగా గుట్టు. దగ్గరికి రండి, చెబుతాను. రోడ్డు పక్కన కిలోమీటరు రాళ్లుంటాయి చూడండి. వాటి నెత్తి మీద రంగు గమనించారా ఎప్పుడైనా? పసుపైతే జాతీయ రహదారి. ఆకుపచ్చైతే రాష్ట్రానిది. నారింజ రంగుందనుకోండి, అది పల్లె రోడ్డు. పసుపు కనబడితే దండం పెట్టి తప్పుకోండి. పచ్చరాయి దగ్గర పొద్దుటి పూట పర్వాలేదు. నారింజ కనబడిందా, హ్యాండిలు అటే తిప్పేయండి. ఊరి పేరు కూడా చదవక్కర్లేదు!

ఈ నారింజ రాళ్లలో చాలా వాటికి మూలం ప్రధానమంత్రి గ్రామ సడక్ యోజన. 2000 డిసెంబరులో మొదలైంది. మైదానంలో 500 మంది ఉన్న ఊరికి ఏ కాలంలోనైనా పనికొచ్చే రోడ్డు వేయాలన్నారు. కొండల్లో, గిరిజన ప్రాంతాల్లో 250 మంది ఉన్నా చాలన్నారు. ఇప్పుడు మీరే లెక్కేయండి. రెండు వందల యాభై మంది ఉన్న ఊళ్లో కార్లెన్ని? రెండు మోటారు సైకిళ్లు, ఒక ట్రాక్టరు, పాలు పోసే ఆయన బండి. అయిపోయింది. ఆ ఊరితోనే రోడ్డు కూడా ఆగిపోతుంది. అవతల అడవి. ఎటూ పోని రోడ్డు మీద లారీవాడికి ఏం పని? మనకైతే బోలెడు పని.

డాంగ్ జిల్లా మొత్తం జనాభా 2011 లెక్కల్లో రెండు లక్షల ముప్పై వేల లోపే. విస్తీర్ణం 1,700 చదరపు కిలోమీటర్ల పైమాట. అదే లెక్కల్లో సూరత్ నగరంలో 44 లక్షల మంది ఉన్నాం. ఎవరి మోచేతికి ఎంత చోటుందో ఇక వేరే చెప్పాలా?

సరే, దారులు. వఘై నుంచి జిల్లా కేంద్రం ఆహ్వాకు 30 కిలోమీటర్ల పైచిలుకు. పెద్ద రోడ్డే, కానీ మామూలు రోజుల్లో పొద్దున్నే బయల్దేరితే రెండువైపులా టేకుచెట్లు తప్ప ఎదురొచ్చేది తక్కువ. నాకైతే ఆహ్వా నుంచి మహాల్ మీదుగా బర్దీపాడా వైపు సోన్‌గఢ్ దిగే దారి మీద మోజు. పూర్ణా అభయారణ్యం గుండా పోతుంది. పూర్ణ అంటే నది పేరే, మహాల్ దగ్గర దాని ఒడ్డున కాసేపు కాళ్లు చాపుకోవచ్చు. వెదురు పొదలు రోడ్డు మీదికి వంగి ఉంటాయి. ఇంకా కావాలా? డోన్ ఉంది. కంగారు పడకండి, మన రాయలసీమ డోన్ జంక్షన్ కాదు. ఇది మహారాష్ట్ర సరిహద్దును ఆనుకున్న కొండ మీది ఊరు. ఆ ఎక్కుడు చూశాక మీ సైకిలు మీతో మాట్లాడటం మానేస్తుంది.

ఇంతకీ వాహనాలు లేని రోడ్డని ఎలా తేలుస్తారు? నా కొలత ఒక్కటే. ఇద్దరు పక్కపక్కన తొక్కుతూ మాట్లాడుకోగలగాలి. అంతే! సూరత్‌లో మనం ఒకరి వెనక ఒకరు పోతాం, పెళ్లి భోజనం వరసలో నిలబడినట్టు. ముందున్నవాడి వీపుతో ఏం కబుర్లు చెబుతాం? మహాల్ దారిలో మొదలెట్టిన ముచ్చట ఆగేది ఎక్కుడు వచ్చినప్పుడే. చడావు మొదలవగానే పెద్ద పెద్ద వాగుడుకాయలు కూడా మౌనవ్రతం పడతారు. పైకి చేరాక ఊపిరి తీసుకుని, ‘అయితే ఏమందంట మీ మరదలు?’ అని ఆగినచోటి నుంచే అందుకుంటారు. దిగుడులో మాత్రం నోరు మూసుకోండి. దోమలు పోతాయి.

బ్రేకులు చూసుకున్నారా? అడగడం మర్చిపోయాను. నల్ల సైకిలుతో వస్తానంటే నాకేం అభ్యంతరం లేదు, కానీ దాని రాడ్డు బ్రేకు ఘాట్ దిగుడులో మీ ప్రార్థన మీదే ఆధారపడుతుంది.

ఈ కొండలు సాదాసీదావి కావు తెలుసా? రాజులున్న చోటు. గాఢ్వీ, లింగా, ఆమలా, పింప్రీ, వాసుర్ణా అని ఐదు చిన్న రాజ్యాలు. 1842లో ఇంగ్లీషువాళ్లు ఇక్కడి టేకు మీద కన్నేసి భీలు రాజుల దగ్గర అడవిని కౌలుకు రాయించుకున్నారు. ఆ వంశాల వాళ్లకు సర్కారు పింఛను ఇప్పటికీ వస్తుంది, ఏటా హోళీ ముందు ఆహ్వాలో జరిగే డాంగ్ దర్బారులో ఊరేగించి మరీ ఇస్తారు. అంటే మీరు తొక్కుతూ తొక్కుతూ ఒక రాజ్యంలోంచి ఇంకో రాజ్యంలోకి దాటేస్తారన్నమాట. పాస్‌పోర్టు అక్కర్లేదు. కుక్కలు మాత్రం ప్రతి రాజ్యంలోనూ తనిఖీ చేస్తాయి.

మీకు కాళ్ల మీద గర్వం ఉందా? అయితే ఇంకోటి వినండి. 2018 ఆసియా క్రీడల్లో మహిళల 4×400 రిలేలో బంగారం గెలిచిన జట్టులో సరితా గాయక్వాడ్ ఉంది కదా, ఆమెది ఈ డాంగ్‌లోని కరాడీ ఆంబా. మరుసటి ఏడు దోహాలో ఆసియా పోటీల్లో పది వేల మీటర్ల పరుగులో కంచు పతకం తెచ్చిన మురళీ గావిత్‌దీ ఈ జిల్లానే. కాబట్టి ఎక్కుడులో బడిపిల్లాడెవడో మీ పక్కన పరుగెత్తుతూ మిమ్మల్ని దాటేసి, వెనక్కి తిరిగి పళ్లికిలిస్తే చిన్నబుచ్చుకోకండి. వాడు ఏ పతకానికి పోతున్నాడో ఎవరికి ఎరుక!

తిండి సంగతా? ఆ ప్రశ్న ఇంత ఆలస్యంగా అడిగారేంటి, ఒంట్లో బావుందా? నాగ్లీ రొట్టెలు దొరుకుతాయి, అదే మన తైదలు. మినప్పప్పుతో తింటారు. కారప్పచ్చడి పక్కన పెట్టారంటే నాకు మా నాయనమ్మ గుర్తొస్తుంది, ఇంక లేవబుద్ధి కాదు. నీళ్లకు బోరింగులున్నాయి. ఒకరు కొడితే ఒకరు సీసా పట్టాలి. ఇదీ జంటగా పోవడానికి ఇంకో కారణమే.

దీపావళి దాటాక వెళితే కొన్ని పల్లెలు మరీ బోసిగా కనిపిస్తాయి. ఎంత హాయో అనుకుంటాం. జనం ఎక్కడున్నారంటే, మన బార్డోలీ చుట్టుపక్కల చెరకు కొట్టడానికి దిగిపోయారు. పిల్లాజెల్లాతో, కత్తులతో, వానల నాటికి గానీ తిరిగి రారు. మనోళ్లు కరీంనగర్, వరంగల్ నుంచి మూటాముల్లె సర్దుకుని సాంచెల కోసం ఇక్కడికి దిగలేదూ? అదే కథ. ఆ ఖాళీ రోడ్డు మీద గంట మోగించుకుంటూ పోయేటప్పుడు నాకు ఇది కాస్త గుచ్చుకుంటుంది. చెరకు లారీ వెనక ఇరుక్కున్నప్పుడు తిట్టబోయి నాలుక కరుచుకునేది కూడా అందుకే.

ఎప్పుడు పోవాలి? వానల్లో డాంగ్ అందం చూడాలని అందరికీ ఆశే. గీరా జలపాతం అప్పుడే హోరెత్తేది. కానీ అక్కడి వాగుల మీద ఎత్తులేని కాజ్‌వేలు చాలా ఉన్నాయి, గట్టి వాన పడితే నీట మునిగి ఊళ్లకే దారి తెగుతుంది. ఇవతల సైకిలు, అవతల ఇల్లు అయితే ఎట్లా? చలికాలమే మేలు. ఫిబ్రవరి చివర్లో అయితే మోదుగులు కూడా పూసి ఉంటాయి. ఆ తరవాత ఇప్పపూలు రాలతాయి. ఆ వాసనకు ఎక్కుడులో కూడా తల తిరిగినట్టే ఉంటుంది, నిజం.

అన్నట్టు, బిలిమోరా నుంచి వఘైకి ఓ చిన్న రైలు మార్గం ఉంది, 63 కిలోమీటర్లు. బరోడా గాయక్వాడుల కాలంలో, 1913లో, వేశారు. రెండున్నర అడుగుల వెడల్పు పట్టాలు. ఆ కాస్త దూరానికి రైలుకు మూడు గంటల దాకా పడుతుంది. గంటకు ఇరవై కిలోమీటర్లు! అంటే ఉనాయి వేడినీళ్ల గుండాల దగ్గర మీరూ రైలూ కలిసి బయల్దేరితే, పందెం ఎటైనా పోవచ్చు. గేటు దగ్గర ఆగాల్సింది మాత్రం మీరే, అది అన్యాయం అంటాను నేను.

ఇంకేం సాకులున్నాయి మీ దగ్గర? మోకాళ్లా? ఎక్కుడులో దిగి నడిపించుకుంటూ రండి, ఎవరూ ఏమనరు, నేను తప్ప. ఇంట్లో ఒప్పుకోరా? వదిననూ తీసుకురండి. ఆమె సైకిలు మీకంటే బాగా తొక్కుతుందని వాడంతా తెలుసు. తుమ్మ ముళ్లుంటాయి, రెండు ట్యూబులు, పంపు, పంక్చరు సామాను పెట్టుకోండి. వఘై దాకా ఛోటా హాథీ బండి మాట్లాడాను. తెల్లవారుజామున నాలుగింటికి వీధి చివర ఆగుతుంది. ఇంకా రెండు సైకిళ్లకు చోటుంది. ఆ తువ్వాలు మాత్రం ఇంట్లోనే పెట్టి రండి.