లూకా డిఫెన్సూ, మన అప్రైజళ్ళూ

డాలస్ చుట్టుపక్కల ఇర్వింగ్, ప్లేనో, ఫ్రిస్కోల్లో మనవాళ్ళు నలుగురు కలిస్తే మాటలు ఎక్కడ తిరిగినా చివరికి వీసాలూ, ఇళ్ళ ధరలూ, సినిమాల దగ్గర ఆగుతాయి. 2025 ఫిబ్రవరిలో వీటికి నాలుగోది తోడయింది. లూకా డాన్చిచ్‌ని మావ్స్ వాళ్ళు ఎందుకు వదులుకున్నారు? అసలు వాడు డిఫెన్స్ ఆడతాడా, ఆడడా? ఆడలేకా, ఆడబుద్ధి కాకా?

ఈ చివరి ప్రశ్న దగ్గరే గొడవంతా. నేను చూసిన వాదనల్లో తొంభై శాతం "వాడికి బద్ధకం రా" తో మొదలై "నువ్వొచ్చి 33 పాయింట్లు కొట్టి చూపించు" దగ్గర ముగుస్తాయి. రెండూ వాదనలు కావు.

బాస్కెట్‌బాల్ చూడని వాళ్ళ కోసం ముందు కొంచెం నేపథ్యం. లూకా స్లొవేనియా కుర్రాడు. 13 ఏళ్ళకే రియల్ మాడ్రిడ్ వాళ్ళు తీసుకెళ్ళారు, 16 ఏళ్ళకి పెద్దవాళ్ళ జట్టులో ఆడేశాడు. 2018లో యూరోలీగ్ గెలిచి, అందులో ఎంవీపీ కూడా అయ్యి ఎన్బీఏకి వచ్చాడు. 2023-24 సీజన్లో మ్యాచ్‌కి సగటున 33.9 పాయింట్లతో లీగ్‌లో అందరికన్నా ఎక్కువ స్కోరు చేసి, డాలస్‌ని ఫైనల్స్ దాకా లాక్కెళ్ళాడు. ఫైనల్స్‌లో బోస్టన్ 4-1తో గెలిచింది. ఎనిమిది నెలలు తిరక్కుండానే, 25 ఏళ్ళ వాణ్ణి లేకర్స్‌కి ఇచ్చేసి, 31 ఏళ్ళ ఆంథొనీ డేవిస్‌నీ, మాక్స్ క్రిస్టీనీ, 2029 ఫస్ట్ రౌండ్ పిక్ ఒకటీ తెచ్చుకున్నారు. మావ్స్ జనరల్ మేనేజర్ నికో హారిసన్ చెప్పిన కారణం.. ఛాంపియన్‌షిప్‌లు గెలిపించేది డిఫెన్సే అని తన నమ్మకమట. అభిమానులు స్టేడియం బయట శవపేటిక పెట్టి నిరసన చేశారు. (మన దగ్గర అయితే దిష్టిబొమ్మ తగలబెట్టేవాళ్ళు, పెద్ద తేడా లేదు.)

సరే, ఇప్పుడు విషయానికొద్దాం. క్రికెట్లో ఫీల్డింగ్ సరిగ్గా రాని బాట్స్‌మన్ ఉంటే ఏం చేస్తారు? ఫైన్ లెగ్‌లోనో ఇంకెక్కడో దాచేస్తారు. బంతి వాడివైపు వస్తే వచ్చింది, లేకపోతే లేదు. ఇప్పుడు ఊహించుకోండి, అవతలి బాట్స్‌మన్ కోరుకున్నప్పుడల్లా ప్రతి బంతీ ఆ ఒక్క ఫీల్డర్ వైపే కొట్టగలిగితే? బాస్కెట్‌బాల్లో అచ్చంగా అదే జరుగుతుంది. స్క్రీన్ అంటారు.. తోటి ఆటగాడు గోడలా వచ్చి అడ్డం నిలబడతాడు, డిఫెండర్లు మనుషుల్ని మార్చుకోవాల్సి వస్తుంది. అలా రెండుసార్లు చేస్తే చాలు, బలహీనమైన డిఫెండర్ వాళ్ళ బెస్ట్ స్కోరర్ ఎదురుగా ఒంటరిగా మిగులుతాడు. 2024 ఫైనల్స్‌లో బోస్టన్ లూకాని అలాగే వెతుక్కుంటూ వెళ్ళింది. అందుకే సాధారణ సీజన్లో కప్పిపుచ్చుకున్న లోపం ప్లేఆఫ్స్‌లో పెద్ద తెర మీద కనిపిస్తుంది.

ఆ ఫైనల్స్ మూడో మ్యాచ్ తీసుకోండి, 2024 జూన్ 12. డాలస్ 21 పాయింట్లు వెనకబడి, నాలుగో క్వార్టర్లో మళ్ళీ దగ్గరికొచ్చింది. సరిగ్గా అప్పుడు, ఇంకా 4 నిమిషాల 12 సెకన్లు ఉండగా, లూకా ఆరో ఫౌల్ చేసి బయటికి వెళ్ళిపోయాడు. మ్యాచ్ 106-99తో పోయింది. మర్నాటి నుంచి టీవీల్లో ఒకటే పాట, వీడు డిఫెన్స్ మీద శ్రద్ధ పెట్టడు అని.

నాకు అర్థం కానిది ఇదే. శ్రద్ధ లేనివాడు ఫౌల్ ఎందుకు చేస్తాడండీ? శ్రద్ధ లేనివాడు పక్కకి తప్పుకుని "వెళ్ళు నాయనా" అంటాడు. ఫౌల్ అయ్యేది ఎదురెళ్ళినప్పుడే. అడ్డుపడాలని అడుగు వేశాడు, ఆ అడుగు అర క్షణం ఆలస్యంగా పడింది. అది బద్ధకం కాదు, కాళ్ళు రాకపోవడం. ఆ సిరీస్‌లో ఛాతీ దెబ్బకి ఇంజెక్షన్లు చేయించుకుని ఆడాడు, మోకాలూ మడమా సరిగ్గా లేవు. ఇటు బంతి చేతిలోకి వస్తే మొత్తం ఆట నడిపేదీ తనే. అలాంటివాడు రెండోవైపు ఎంత పరిగెత్తాలి, ఎక్కడ ఆదా చేసుకోవాలి అనేది మనసుకి సంబంధించిన ప్రశ్న కన్నా లెక్కకి సంబంధించిన ప్రశ్న. ఒకే సర్వర్ మీద అన్ని జాబులూ పెట్టి, స్లో అయిందేంటని తిట్టినట్టు.

అయితే లూకా భక్తులు ఇక్కడే ఆగిపోతారు, నేను ఆగను. కాళ్ళు రాకపోవడం వేరు, షాట్ మిస్సయ్యాక రిఫరీ వైపు చేతులు చాపి వాదిస్తూ అక్కడే నిలబడిపోవడం వేరు. అవతల నలుగురు డిఫెండర్ల మీదికి ఐదుగురు వెళ్తుంటే ఈయనగారు ఇవతల ఫౌల్ అడుగుతుంటాడు. దానికి గాయం, అలసట, ఏదీ సాకు కాదు. ఆపేయగలిగినది, ఆపలేదు. బరువు, ఫిట్‌నెస్ గురించి మావ్స్ వాళ్ళకి అసంతృప్తి ఉందని ట్రేడ్ తర్వాత వార్తలొచ్చాయి. 2025 వేసవిలో సన్నబడి మెన్స్ హెల్త్ కవర్ మీద కనిపించాడంటే, అందులో చేయదగింది ఎంతో కొంత ఉన్నట్టే కదా. కాబట్టి చేతకానిదీ, చేయనిదీ రెండూ ఉన్నాయి. గొడవ ఎక్కడంటే, దూరం నుంచి చూస్తే రెండూ ఒకేలా కనిపిస్తాయి.

నంబర్లు తీర్పు చెప్తాయేమో అనుకుంటాం, మన వృత్తి అలాంటిది. 2013-14 నుంచి ఎన్బీఏలో అన్ని స్టేడియంలలో పైన కెమెరాలు పెట్టి ఎవరు ఎంత దూరం పరిగెత్తారో, ఎంత వేగంతోనో కొలుస్తున్నారు. తర్వాత చేయి తగిలించి దారి మళ్ళించిన పాస్‌లు, అడ్డుపడిన షాట్లు కూడా లెక్కపెట్టడం మొదలుపెట్టారు. మంచిదే. కానీ కెమెరా "నెమ్మదిగా కదిలాడు" అని చెప్తుంది, "ఎందుకు" అని చెప్పదు. ముందే సరైన చోట నిలబడ్డవాడు కూడా నెమ్మదిగానే కదులుతాడు. పైగా మంచి డిఫెన్స్ అంటే సగం జరగనిదే. అవతలివాడు నిన్ను చూసి పాస్ ఇవ్వడం మానేస్తే, ఆ మానేసిన పాస్‌ని ఏ కాలమ్‌లో రాస్తారు?

ఇది చదువుతున్నవాళ్ళకి టీమ్స్‌లో పచ్చ చుక్క గుర్తొచ్చే ఉంటుంది. చుక్క పచ్చగా ఉంటే పనిచేస్తున్నట్టు, పసుపైతే పడుకున్నట్టు. ఆ చుక్క కోసం మౌస్ దానంతటదే కదిలే బుల్లి యంత్రాలు కూడా కొనుక్కుంటున్నారు జనం.

నేను చూసిన ఒక టీమ్‌లో ఒకాయన ఉండేవారు, పేరు వద్దు, కంపెనీ పేరు అసలే వద్దు. నెలాఖరు బాచ్ జాబులు ఆయన చేతిలో ఉండేవి. రాత్రి రెండింటికి లేచి చూసుకునేవారు. పొద్దున స్టాండప్‌లో కెమెరా ఆఫ్, "నో అప్‌డేట్స్", అంతే. మెయిల్ పంపితే రెండు రోజులకి గానీ జవాబు రాదు (అది మాత్రం ఆయన తప్పే, మేం చాలాసార్లు తిట్టుకున్నాం). అప్రైజల్‌లో "ఇనిషియేటివ్ తక్కువ, మోటివేషన్ కనిపించడం లేదు" అని రాశారు. జవాబులు ఆలస్యమని రాసి ఉంటే ఒప్పుకునేవారేమో. మెయిళ్ళు చూసి మనసు గురించి రాశారు. ఆయన మారు మాట్లాడకుండా వేరే ఉద్యోగం చూసుకుని వెళ్ళిపోయారు. ఆ తర్వాత రెండు నెలాఖర్లు మేం ఎవరమూ సరిగ్గా నిద్రపోలేదు.

ఎందుకు చెప్తున్నానంటే, నికో హారిసన్ చేసింది నాకు అలాగే అనిపించింది. "రిఫరీలతో వాదించడం మానెయ్, ఇంత బరువుకి రా" అనడం ఒక మాట. "ఇతనితో ఛాంపియన్‌షిప్ కుదరదు" అనడం పూర్తిగా వేరే మాట. మొదటిది చూసినదాని గురించి, రెండోది మనిషి గురించి. అదీ ఆ ముందు సీజన్లోనే ఆ మనిషితో ఫైనల్స్ దాకా వెళ్ళాక! వెనకాల లైవ్లీ, గాఫర్డ్ లాంటి పొడుగువాళ్ళు, పక్కన పీజే వాషింగ్టన్ ఉంటే లూకా లోపాన్ని పడమట గెలిచేంతవరకూ కప్పొచ్చని వాళ్ళే నిరూపించారు. మిన్నెసోటాతో రెండో మ్యాచ్‌లో నాలుగుసార్లు బెస్ట్ డిఫెండర్ అవార్డు తీసుకున్న గోబేర్ మీంచి మూడు సెకన్లు మిగిలుండగా త్రీ కొట్టి 109-108తో గెలిపించినవాడికి మోటివేషన్ లేదంటే, ఆ పదానికి అర్థం నాకు తెలియదనే అనుకోవాలి.

తర్వాత జరిగింది అందరికీ తెలుసు. డేవిస్ డాలస్ తరఫున మొదటి మ్యాచ్‌లోనే గాయపడ్డాడు, మావ్స్ ఆ ఏడు ప్లేఆఫ్స్‌కి చేరలేదు, 2025 నవంబరులో హారిసన్ ఉద్యోగం పోయింది. లేకర్స్ కూడా ఏమీ ఉద్ధరించలేదు, మొదటి రౌండ్లో మిన్నెసోటా చేతిలో 4-1. దాన్ని పట్టుకుని "చూశావా" అనేవాళ్ళూ ఉన్నారు. ఫలితం చూసి నిర్ణయాన్ని కొలవడం కూడా పచ్చ చుక్క లాంటిదే కాబట్టి, హారిసన్ ఉద్యోగం పోవడాన్ని నా వాదనకి సాక్ష్యంగా తీసుకోను. డేవిస్ గాయపడకపోయినా నా మాట ఇదే.

ఈసారి లూకా మ్యాచ్ చూసేటప్పుడు ఒక క్వార్టర్ బంతిని వదిలేసి అతన్నే చూడండి. షాట్ పోయాక ఎన్నిసార్లు వెంటనే వెనక్కి పరిగెత్తాడు, ఎన్నిసార్లు రిఫరీ దగ్గర ఆగాడు, కాగితం మీద గీతలు పెట్టండి. ఒకవైపు అతను చేయగలిగి చేయనిది, అంతే. మనిషి ముందు నిలబడి దాటించుకున్నవి వేరే వరసలో రాయండి. ఇలా చేస్తుంటే మా ఫ్రెండొకడు "ఆట చూడరా బాబూ, ఆడిటింగ్ ఏంటి" అన్నాడు. వాడు లేకర్స్ ఫాన్, వాడికి రెండో వరసతో అసలు పనిలేదు :-)