పన్నెండు మిల్లీమీటర్ల మీటరు గేజి

నూజెండ్లలో బస్సు దిగేసరికి తొమ్మిదైంది. మాఘమాసపు ఎండ అప్పుడే చురుక్కుమంటోంది. రోడ్డు పక్క కల్లాల్లో ఆరబోసిన మిరపకాయల కోరు గాలికి వచ్చి గొంతులో దిగింది. కిళ్లీ కొట్టు దగ్గర ఆగి "రైలు మాస్టారి ఇల్లెక్కడ?" అని అడిగాను. ఆ రిటైరైన లెక్కల మాస్టారి గురించి అట్లాగే అడగమని నాకు ఫోన్లో చెప్పారు. "ఆ సందులో పోతే ఎడం పక్క డాబా అన్నా. పొద్దుటి నుంచి పెట్టెలెత్తుకోని మనుషులు దిగతానే ఉండారు" అన్నాడు కొట్టు కుర్రాడు.

పెట్టెల్లో ఏముందో మేడెక్కాక చూశాను. నాలుగడుగుల పొడవు, అడుగున్నర వెడల్పు ప్లైవుడ్ బల్లలు. ఒక్కో బల్ల మీద ఒక్కో ముక్క పల్నాడు. ఒకదాని మీద వినుకొండ కొండ, శిఖరాన రామలింగేశ్వరుడి గుడి. ఇంకోదాని మీద కంది చేను, మిరప కల్లం. మరోదాని మీద గుండ్లకమ్మ ఏటి మీద గడ్డర్ల వంతెన. ఎవరి బల్ల వాళ్లు తమ ఇంట్లో చేసుకుంటారు. రెండు నెలలకో ఆదివారం ఈ మేడ గదికి తెచ్చి, బోల్టులతో ఒకదానికొకటి బిగించి, ఆ చివర నుంచి ఈ చివరకు బండి నడుపుతారు. బల్ల మధ్యలో ఏమున్నా అభ్యంతరం లేదు. అంచు దగ్గర మాత్రం పట్టా ఎత్తు, నడిమి గీత అందరికీ ఒకటే. ఈ ఆదివారం ఏడు బల్లలొచ్చాయి, 28 అడుగులు. అసలు రైలు లెక్కన చూస్తే ముప్పావు కిలోమీటరు కూడా కాదు.

మాస్టారు నన్ను కూర్చోబెట్టి ముందు కొలత చెప్పారు. ఈయన పాఠం అక్కడే మొదలవుతుంది, బళ్లో కూడా అట్లాగే మొదలయ్యేదేమో. వాళ్లు ఎంచుకున్న స్కేలు 87లో ఒక వంతు, హెచ్.ఓ. అంటారు. ప్రపంచంలో ఎక్కువమంది వాడేది ఇదే. బజార్లో దొరికే హెచ్.ఓ. పట్టాల మధ్య దూరం 16.5 మిల్లీమీటర్లు. అది యూరప్, అమెరికా రైళ్ల 1435 మిల్లీమీటర్ల గేజికి సరిపోతుంది. మన బ్రాడ్ గేజి 1676. దాన్ని 87తో భాగిస్తే 19 మిల్లీమీటర్ల పైచిలుకు వస్తుంది. అంటే దుకాణంలో కొన్న పట్టా మీద మన బ్రాడ్ గేజి పెట్టెను నిలబెడితే చక్రాలు లోపలికి ముడుచుకుపోయి కనిపిస్తాయి. చాలామంది సర్దుకుంటారు. మాస్టారు సర్దుకోలేదు.

"బ్రాడ్ గేజి కుదరదు సరే, మరి మీటరు గేజి? వెయ్యిని 87తో భాగించండి" అన్నారు నాతో. పదకొండున్నర. "పన్నెండు మిల్లీమీటర్ల పట్టా దొరుకుతుంది. జర్మనీలో బేమో అనే కంపెనీ స్విట్జర్లాండు కొండ రైళ్ల కోసం ఆ కొలతలో చేస్తుంది. అర మిల్లీమీటరు తేడా. మన కంటికి ఆనదు. నేను చిన్నప్పుడెక్కిన బండి కూడా మీటరు గేజే గదా!" అని చెయ్యి చాపి వంతెన బల్లను చూపించారు.

ఆ బండి మా తరం వాళ్లందరికీ తెలుసు. గుంతకల్లు నుంచి నంద్యాల, గిద్దలూరు, దొనకొండ, వినుకొండ, నరసరావుపేట, గుంటూరు మీదుగా బెజవాడకు పోయే లైను. ఈ దేశంలో చౌకగా రైలు మార్గాలు వెయ్యడానికి మీటరు గేజి చాలని 1870లో వైస్రాయి లార్డ్ మేయో కాలంలో తేల్చారు. ధాత కరువు, అంటే 1876-78 కరువు, రాయలసీమను తుడిచిపెట్టిన తర్వాత ఈ లైను పడింది. దాన్ని నడిపింది సదరన్ మరాఠా రైల్వే. 1908లో అది మద్రాసు రైల్వేతో కలిసి ఎం.ఎస్.ఎం. అయింది. 1951లో దక్షిణ రైల్వేలోకి, ఆ తర్వాత దక్షిణ మధ్య రైల్వేలోకి వచ్చింది. 1990లలో పట్టాలు పీకి బ్రాడ్ గేజి వేశారు. ఇప్పుడు బండ్లు వేగంగా పోతాయి, జనానికి మేలు జరిగింది, అందులో నాకు సందేహం లేదు. నల్లమలలో దొరబావి దగ్గర ఆనాటి వంతెన మాత్రం వాడకం పోయి అడవిలో మిగిలింది. ఇంజన్లు, పెట్టెలు, చేతి సిగ్నళ్లు, టోకెన్ గుండ్లు ఎటుపోయాయో ఎవరూ పట్టించుకోలేదు.

ఈ గదిలో ఉన్నవాళ్లు పట్టించుకున్నారు. మన లైను సరుకు దుకాణంలో దొరకదు కాబట్టి చాలావరకు చేత్తో చెయ్యాల్సిందే. స్లీపర్ల సంగతి చూడండి. అసలు మీటరు గేజి చెక్క స్లీపరు ఆరడుగుల పొడవు, ఎనిమిదంగుళాల వెడల్పు. 87తో భాగిస్తే 21 మిల్లీమీటర్ల పొడవు, రెండు మిల్లీమీటర్ల చిల్లర వెడల్పు. అది అగ్గిపుల్ల మందమే. మందు తల తీసేస్తే ఒక పుల్లకు ఒకటో రెండో స్లీపర్లొస్తాయి. టీ డికాక్షన్‌లో నానబెట్టి ఆరబెడితే ఎండకు ఎండి వానకు నానిన పాత చెక్క రంగు తిరుగుతుంది. వంతెన బల్ల చేసిన నరసరావుపేట ఐ.టి.ఐ. కుర్రాడు అట్లాంటివి మూడొందలకు పైగా కోశాడు. పట్టా కింద కంకర కూడా అంతే. అసలు కంకర 50 నుంచి 65 మిల్లీమీటర్లుంటే, బల్ల మీద ముక్కాలు మిల్లీమీటరు మించకూడదు. క్రషర్ దగ్గర్నుంచి తెచ్చిన దుమ్మును మాస్టారి ఇంటావిడ టీ జల్లెడలో ఒకసారి, పల్చటి గుడ్డలో ఒకసారి జల్లించి ఇస్తారు. దాన్ని పట్టాల మధ్య పోసి, బ్రష్‌తో సర్ది, ఫెవికాల్‌లో సగం నీళ్లు, ఒక చుక్క గిన్నెల సబ్బు కలిపి సిరంజితో బొట్టు బొట్టుగా వదలాలి. సబ్బు చుక్క లేకపోతే జిగురు గుండ్రంగా పైనే నిలిచి కంకరను ఎత్తుకుపోతుంది. కుర్రాడు మొదటిసారి సబ్బు వెయ్యలేదు. ఆ తప్పు ఎట్లా బయటపడిందో అందరికీ వివరంగా చెప్పాడు. ఎవరూ నవ్వలేదు. ఇద్దరు రాసుకున్నారు.

ఈ ఆదివారాల్లో నాకు బాగా నచ్చింది అదే. చేసింది చూపించడం కంటే చెడింది చూపించడానికి ఎక్కువ సేపు తీసుకుంటారు. పోయిన వేసవిలో గుంటూరు నుంచి వచ్చే యువకుడి బల్ల మీద పట్టా పాములా వంకర తిరిగిందట. మన రెంటచింతల ఎండల సంగతి తెలిసిందే గదా. ఎండకు పట్టా సాగుతుంది. అదే ఎండకు ప్లైవుడ్ తడారి కుదించుకుంటుంది. రెండూ ఎదురెదురుగా లాగేసరికి పట్టా లేచి నిలబడింది. పట్టా జర్మన్ సిల్వర్, పూజ సామాన్ల కొట్టులో దొరికే కుందులు చేసే లోహమే. మీటరు పొడవుకు పాతిక డిగ్రీల వేడి పెరిగితే అర మిల్లీమీటరుకు కాస్త తక్కువగా సాగుతుందని మాస్టారు లెక్క వేసి చూపించారు. అందుకే ఇప్పుడు ప్రతి అతుకు దగ్గరా కాగితం మందాన సందు వదులుతున్నారు. చెక్కకు ముందే రెండు పూతల వార్నిష్ కొడుతున్నారు.

"మేమూ అంతేగా సందు వదిలేది" అన్నాడు మూలన స్టూలు మీద కూర్చున్న పెద్దాయన. ఆయన రైల్వేలో కీమాన్‌గా చేసి రిటైరయ్యాడు. భుజాన సుత్తి వేసుకుని రోజూ తన బీటంతా నడిచి, ఊడిన తాళాలు బిగించిన మనిషి. ఆయనకు బల్ల లేదు. చెయ్యడు, చూస్తాడు. అందరూ ఆయన మాట కోసమే ఎదురు చూస్తారని నాకు కాసేపటికి అర్థమైంది. లేచి వంతెన బల్ల దగ్గరకు వెళ్లాడు. పైనుంచి చూడలేదు. మోకాళ్లు వంచి, చెంప బల్లకానించి, ఒక కన్ను మూసి, పట్టా వెంట చూపు పోనిచ్చాడు. గదిలో మాటలు ఆగిపోయాయి.

"ఏటికి ఇవతల పక్క రవ్వంత కుంగింది అబ్బాయా. వంతెన కుంగదు. వంతెన ఎక్కేముందు కట్ట కుంగుద్ది. నిజం లైన్లో గూడా ఆడే కుంగేది."

కుర్రాడు స్కేలు పెట్టి చూశాడు. ఒక మిల్లీమీటరు పల్లం. తర్వాత నన్నూ అట్లాగే వంగి చూడమన్నారు. వంగాను. చెంపకు ప్లైవుడ్ చల్లగా తగిలింది. అగ్గిపుల్లలు, జర్మన్ సిల్వర్, రంపపు పొట్టు అంతా పోయింది. ఎదురుగా గడ్డర్లు, వాటి మధ్య నుంచి సాగిపోయే లైను, అవతల గట్టున తుమ్మచెట్లు. మా నాన్న చెయ్యి పట్టుకుని వినుకొండ ప్లాట్‌ఫారం అంచున నిలబడి బండి వచ్చే దిక్కు చూసినప్పుడు నా కళ్లు ఉన్న ఎత్తు అది. చాలాసేపు లేవలేదు. ఎవరూ తొందరపెట్టలేదు.

పుణె కొత్రూడ్‌లో 1998 నుంచి నడుస్తున్న జోషీ గారి చిన్న రైళ్ల మ్యూజియం గురించి మాస్టారు ఎంతో గౌరవంగా చెబుతారు. ఈ పిచ్చి తనకు అక్కడే పట్టిందంటారు. అక్కడుండేది ఊహలోని నగరం. తమ బల్లల మీద మాత్రం ఊహకు చోటు తక్కువ ఉండాలని ఈయన పట్టు. నాకూ అదే సరైనదనిపిస్తుంది. ఊహలోని ఊరికైతే ఏ కొలత వేసినా ఒప్పే. వినుకొండ స్టేషనుకు తలుపెంత ఎత్తో తెలియాలి. పాత స్టేషను కట్టడం పడగొట్టేశారు గనక కొలిచే వీల్లేదు. మాస్టారు తన పెళ్లినాటి ఫొటో తీశారు. స్టేషను ముందు తీసిన ఆ ఫొటోలో వెనక గోడ కనిపిస్తుంది. ఇటుక వరసలు లెక్కపెట్టి, వరసకు ఇంత అని వేసుకుని గోడ ఎత్తు తీశారు. ఆ ఫొటోలో ఇంటావిడ కట్టుకున్న చీర రంగు ఇప్పుడు ప్లాట్‌ఫారం మీద నిలబడ్డ ఒక బొమ్మకుంది. ఆ బొమ్మలు కోటూ టోపీలతో విదేశాల నుంచి వస్తాయి. టోపీ చెక్కేసి, ఎం-సీల్‌తో తలపాగా చుట్టి, కోటు మీద తెల్ల రంగు వేసి పంచె, కండువా దిద్దుతారు. తలమీద గంపలున్న ఆడవాళ్లను మాత్రం మొదటి నుంచీ చేత్తోనే చేశారు. మిరప కల్లం మాస్టారి ఇంటావిడ పని. ముగ్గు రంగు పట్టించిన రంపపు పొట్టు అది. "ఎర్రగుంటే చాలదండీ, కాయ ఆరేకొద్దీ రంగు ముదురుద్ది. అందుకని మూడు కుప్పలు మూడు ఎరుపులు కలిపా" అన్నారు. ఆ మాట విన్నాక కిందకు వెళ్లి రోడ్డు పక్క కల్లాన్ని మళ్లీ చూశాను. నిజమే, మూడు ఎరుపులు. ఇన్నేళ్లుగా నాకు కనిపించింది ఒక్కటే.

ఇంజను సంగతి గుంటూరు అబ్బాయిది. వై.డి.ఎం-4 డీజిలు, 1400 గుర్రాల బండి, మన మీటరు గేజి లైన్ల మీద చివరి రోజులు దానివే. త్రీడీ ప్రింటరు మీద పైడొప్ప అచ్చు తీసి, విదేశీ మోటారు, చక్రాలు కింద అమర్చాడు. 12 వోల్టుల కరెంటు పట్టాల్లోంచి చక్రాల ద్వారా మోటారుకు అందుతుంది. పట్టా మీద దుమ్ము పడితే బండి ఆగుతుంది. ఇక్కడ దుమ్ముకు కొదవా? అందుకే ప్రతి ఆదివారం మొదటి అరగంట అందరూ స్పిరిట్ గుడ్డ పట్టుకుని పట్టాలు తుడుస్తారు. ఆవిరింజను వై.పి. ఇంకా సగంలోనే ఉంది. దాని కడ్డీలు చక్రాలతో కలిసి తిరగడం లేదు. పొద్దున్నే న్యూజెర్సీ నుంచి వీడియోలో కలిసిన ఒకాయన తన ఇంటి బేస్‌మెంట్లో కడుతున్న దొనకొండ యార్డు చూపించి, ఆ కడ్డీలకు ఏ మందం ఇత్తడి వాడాలో చెప్పాడు. వాళ్ల తాతగారు దొనకొండ షెడ్డులో పనిచేశారట. అమెరికాలో ఈ అలవాటున్నవాళ్లు 1935లోనే సంఘం పెట్టుకుని కొలతలు ఒక్కటి చేసుకున్నారు. అంతకు ముందు 1891లో జర్మనీలో మెర్క్‌లిన్ కంపెనీ ఆటరైళ్లకు వరసగా గేజిలు ఖరారు చేసింది. కొలతలు ఒక్కటైతే ఎవరు చేసిన బండైనా అందరి పట్టా మీద నడుస్తుందన్న ఆలోచన అప్పటిది.

మాస్టారు తనకోసం పక్కన పెట్టుకున్న ఎనిమిదో బల్ల ఇంకా ఉత్త ప్లైవుడ్డే. నడికుడి–శ్రీకాళహస్తి లైను, 309 కిలోమీటర్లు, ఏళ్లుగా ముక్కలు ముక్కలుగా పడుతోంది. గుండ్లకమ్మ స్టేషను నుంచి దర్శి వైపు కొత్త పట్టాలు చీలాయి. ఆ చీలిక కూడా పెట్టాలని ఆయన కోరిక. కానీ అది బ్రాడ్ గేజి. 19 మిల్లీమీటర్ల పట్టా చేత్తో వెయ్యాలి, చక్రాలు చేత్తో తిప్పించుకోవాలి. "చేద్దాం" అన్నారంతే, ఉత్త చెక్క మీద పెన్సిలు గీత దిద్దుతూ.

మధ్యాహ్నం భోజనాలయ్యాక బండి బయల్దేరింది. వినుకొండ నుంచి మూడు పెట్టెలతో కదిలి, చేను దాటి, వంతెన దగ్గరికొచ్చింది. కీమాన్ పెద్దాయన చెయ్యెత్తాడు.

"ఆపు. ఔటరు సిగ్నలు పళ్లేదు."

సిగ్నలు బల్ల కుర్రాడిదే. స్తంభానికి రెక్క అగ్గిపుల్లలో సగమంత, కింద దారం, దారానికి చిన్న మీట. దారం ఎక్కడో చిక్కుకుంది. రెక్క అడ్డంగానే ఉంది. గుంటూరు అబ్బాయి కంట్రోలరు మీట వెనక్కి తిప్పాడు. బండి వంతెనకు అవతలే నిలబడింది. సిగ్నలు లేకుండా పోనిచ్చినా అక్కడ అడిగేవాళ్లెవరూ లేరు. ఎవరూ పోనివ్వలేదు. కుర్రాడు బల్ల కింద దూరాడు. మాస్టారు టార్చి పట్టుకున్నారు. ఇంటావిడ కాఫీలు తెచ్చి, సంగతి చూసి, పళ్లెం చేతిలో పట్టుకునే నిలబడ్డారు. పావుగంట గడిచింది. బల్ల కింద నుంచి "లాగండి బాబాయ్" అని వినిపించింది. పెద్దాయన తన మొద్దుబారిన వేలితో మీట మెల్లగా నొక్కాడు. రెక్క వణికి కిందికి దిగింది.

"ఇప్పుడు రానీ" అన్నాడాయన.