రెక్కలున్నాయిగా!

కిందటేడు నైరోబీలో మా మరిది దగ్గరికి వెళ్ళినప్పుడు, కెన్యాలోనే ఉన్న తైతా కొండలు చూసొద్దామని బయల్దేరాం. ఆ కొండల అడవుల్లో తప్ప ప్రపంచంలో మరెక్కడా కనిపించని పాటల పిట్ట ఒకటుందట. పేరు తైతా థ్రష్. పేరు విని తైతక్కలాడే పిట్టేమో అనుకున్నాను. తీరా చూస్తే మహా బిడియం మనిషి!

న్గాంగావో అడవిలో గంటసేపు నోరు మూసుకు కూర్చున్నాను. (మావారికి పిట్టకన్నా ఇదే పెద్ద వింత!) చివరికి నేలమీద ఎండుటాకులు కదిలాయి. నల్లటి తల, నారింజరంగు ముక్కు, పక్కల ఇటుకరంగు. బియ్యంలో రాళ్ళేరే మా అమ్మలా, ఒక్కో ఆకూ తిరగేసి పురుగులు ఏరుకుంటోంది. నన్ను చూసి చటుక్కున నీడలోకి తప్పుకుంది.

హిందూ మహాసముద్రం మీంచి వచ్చే మబ్బులతో పెరిగిన అడవి అది. పొలాల కోసం కొట్టగా కొట్టగా ముక్కలు మిగిలాయి. ఎంబొలోలో, న్గాంగావో, ఛావియా... ఈ పిట్టకు ఉన్న ముఖ్యమైన ఇళ్ళు ఇవే. మధ్యలో మొక్కజొన్న చేలు, యూకలిప్టస్ తోటలు. వాటిని దాటి ఈ ముక్కలోది ఆ ముక్కకు వెళ్ళడం బహు అరుదు. బాగా చితికిపోయిన ఛావియాలో 1990ల లెక్కకు నలభై కూడా లేవు. అక్కడి పిట్టల కుడి, ఎడమ కాళ్ళ కొలతల్లో తేడాలు కూడా ఎక్కువని పరిశోధకులు గమనించారు.

“రెక్కలున్నాయిగా, ఎగిరిపోవచ్చుగా!” అన్నాను విసుగ్గా.

“ఎగరగలదు మామా. మధ్యలో నీడ లేదు, తిండి లేదు. ఎలా వెళుతుంది?” అన్నాడు గైడు. అక్కడ ఆడవాళ్ళని గౌరవంగా ‘మామా’ అంటారు లెండి!

నాకు నవ్వు రాలేదు. నాన్న పోయినప్పట్నుంచీ అమ్మతో నేను అంటున్నదీ అదే మాట, అదే విసుగు. “బస్సులున్నాయిగా, వచ్చి మా దగ్గరుండొచ్చుగా!” ఆవిడ పెరడు, ఆవిడ ఇరుగుపొరుగు, ఆవిడ తులసికోట... ఇవేవీ మా మూడో అంతస్తులో లేవని నాకెప్పుడూ తోచలేదు. మొండితనం అని పేరు పెట్టేశాను.

తైతాలో ఆ అడవి ముక్కల్ని కలపడానికి, మధ్యలో అక్కడి చెట్లే మళ్ళీ నాటుతున్నారట. పిట్టను రమ్మని పోరడం కాదు, దారి వెయ్యడం!

తిరిగొచ్చాక అమ్మను రమ్మనలేదు. నేనే వెళ్ళి పదిరోజులున్నాను. రెండోరోజు కూడా నేను రమ్మని పోరకపోయేసరికి, దగ్గరికొచ్చి నా నుదుటిమీద చెయ్యి వేసి చూసింది.

“ఏమే, ఒంట్లో బాగానే ఉందా?”