బాగుచేసుకుంటూ సాగిన పడవ

భీమునిపట్నం సముద్రపుటొడ్డున ముప్పైమూడేళ్లు తెలుగు చెప్పిన నేను ఒక్కనాడైనా సముద్రం మీద ప్రయాణం చేయలేదు. చెప్పుకోవడానికి సిగ్గుగానే ఉంది. పాఠశాల కిటికీలోంచి చూస్తే నీలిరేఖ కనబడుతూనే ఉండేది. ‘నౌ’ శబ్దం చెబుతూ, నావ, నావికుడు మొదలైన మాటలకు మూలమైన ఈ శబ్దానికి లాటిన్‌లోని ‘నావిస్’తో చుట్టరికం ఉన్నదని నల్లబల్ల మీద రాసేవాణ్ణి. వ్యుత్పత్తి తెలిసిందేగాని వస్తువు తెలియలేదు.

నా సహధర్మచారిణికి మాత్రం ఒక కోరిక ఉండేది. “ఏమండీ, విశాఖ రేవునుంచి అండమానుకు ఓడ పోతుందట. ఒక్కసారి ఎక్కిద్దురూ” అనేది. “ఇంటి పైకప్పు కారుతోంది, ముందు దాన్ని చూడనీ” అనేవాణ్ణి. కప్పు అయ్యాక అమ్మాయి పెళ్లి, పెళ్లి అయ్యాక నా కంటి శస్త్రచికిత్స, ఆ తరువాత ఆమె మోకాళ్లు. అన్నీ చక్కబెట్టుకొని నిశ్చింతగా బయలుదేరుదామన్నది నా సిద్ధాంతం. 2021లో ఆమె వెళ్లిపోయింది. కప్పు మళ్లీ కారుతోంది.

రెండేళ్ల కిందట, సరకు రవాణా ఓడల్లో పనిచేసే నా పూర్వవిద్యార్థి ఒకడు సెలవుకు వచ్చి ఒక ఆంగ్ల గ్రంథం నా చేతిలో పెట్టాడు. “మాస్టారూ, తీరిగ్గా చదవండి” అన్నాడు. అది జాషువా స్లోకం అనే నావికుడు రాసినది, 1900లో పుస్తకరూపంలో వెలువడినది. తెరచాప పడవలో ఒంటరిగా భూగోళాన్ని చుట్టివచ్చిన తొలి మానవుడు ఆయనే. నిఘంటువు పక్కన పెట్టుకొని, రోజుకు నాలుగైదు పుటల చొప్పున, ఒక వర్షకాలమంతా చదివాను. తుపానులూ సముద్రపు దొంగలూ ఉంటారనుకున్నాను. ఉన్నారు. కాని నన్ను పట్టి కూర్చోబెట్టినవి అవి కావు, మరమ్మతులు!

అసలా కథే మరమ్మతుతో మొదలవుతుంది. ఒక తిమింగిలాల వేట కెప్టెను ఆయనకు ‘స్ప్రే’ అనే పడవను ఊరికే ఇచ్చాడు. అది అమెరికాలోని ఫెయిర్‌హేవెన్ అనే ఊళ్లో, ఒక పొలంలో, ఊతకర్రల మీద ఏళ్ల తరబడి పడి ఉన్నది. స్లోకం దగ్గరలోని ఓక్ చెట్టును నరికి అడుగుదూలం చేసుకొన్నాడు. పలకలన్నీ మార్చాడు. పదమూడు నెలల శ్రమ, సామగ్రికి 553 డాలర్ల 62 సెంట్లు పట్టాయి. ముప్పైఆరు అడుగుల తొమ్మిది అంగుళాల ఆ పడవలో 1895 ఏప్రిల్ 24న బోస్టన్ నుంచి బయలుదేరాడు.

అంతా సిద్ధం చేసుకొనే బయలుదేరాడు కదా అని మీరనవచ్చు. నేనూ మొదట అలాగే అనుకొన్నాను. కాని కాలాన్ని కచ్చితంగా చూపే క్రోనోమీటరును బాగుచేయించడానికి పదిహేను డాలర్లవుతుందని దాన్ని ఇంట్లోనే వదిలేశాడు. దారిలో ఒక రేకు గడియారం కొన్నాడు. వెల డాలరున్నర, ముఖం పగిలి ఉన్నందువల్ల డాలరుకే ఇచ్చారట. నడుమ దాని నిమిషాల ముల్లు పోయింది. ఒకసారి దాన్ని నీళ్లలో వేసి ఉడకబెట్టి నడిపించాడు! బాగుచేయడమన్నది బయలుదేరక ముందు ముగిసే పని కాదని నాకక్కడ తట్టింది.

పసిఫిక్ మహాసముద్రంలో డెబ్బైరెండు రోజులు ఏ రేవునూ తాకకుండా సాగి, 1896 జూలై 16న సమోవా దీవుల్లోని ఆపియాలో లంగరు వేశాడు. అక్కడ రచయిత స్టీవెన్సన్ భార్య, అప్పటికి వితంతువు, ఆయనను ఆదరించింది. ఇంటి దగ్గరి వెదుళ్లు చూసి, పడవ వాసాలకు బాగుంటాయని స్లోకం అంటే, నరుక్కోమన్నది. వాటిలో ఒకటి తిరుగు ప్రయాణంలో పడవ ముక్కున ముందుకు చాచి కట్టే వాసంగా పనికివచ్చింది. ఇంట్లో కూర్చొని సిద్ధపడితే ఆ వెదురు దొరికేదా?

ఉష్ణమండల జలాల్లో కొయ్యపడవకు పెద్ద శత్రువు ఓడపురుగు. పేరుకు పురుగేగాని అది ఆల్చిప్పల జాతి ప్రాణి. పలకలోకి దూరి లోలోపల తొలిచేస్తుంది. పైకి పలక చెక్కుచెదరదు, లోపల జల్లెడ. అందుచేత 1897లో టాస్మానియా దీవిలో స్లోకం పడవను ఒడ్డుకెక్కించి అడుగంతా పరీక్షించాడు. పురుగు జాడ లేదు. అయినా ముందున్నది పగడపు దిబ్బల సముద్రమని రాగి కలిసిన రంగు మరొక పూత వేశాడు.

అక్కడినుంచి ఆస్ట్రేలియా ఉత్తరపు కొసకు చేరి, హిందూ మహాసముద్రంలోని కీలింగ్ దీవులకు 2,700 మైళ్లు ఇరవైమూడు రోజుల్లో వచ్చాడు. అన్ని రోజుల్లోనూ చుక్కాని పట్టుకొన్నది మొత్తం మీద మూడు గంటలకు మించదట. తెరచాపలను తగినట్లు సర్దితే పడవ తన దారిన తానే పోయింది. కీలింగ్‌లోనూ రంగు వేయడానికి పడవను ఒడ్డుకు లాగారు. తిరిగి నీటిలోకి దించబోతే మొదటిసారి అది కదలలేదు. పెద్ద పీత ఒకటి అడుగుదూలాన్ని పట్టుకొన్నదని పిల్లలు చప్పట్లు కొట్టి కేకలు వేశారట. పది పన్నెండేళ్ల బాలిక ఆ సంగతి మీద ఒక పద్యం అల్లి ఓడ దినచర్య పుస్తకంలో రాసింది. తెలుగు పండితుణ్ణి గదా, ఈ ఘట్టం నేను మూడుసార్లు చదివాను.

అదే దీవిలో మరొకటి జరిగింది. ఆయన వేరెవరిదో చిన్న పడవ ఎక్కాడు. తాళ్లు నాసిరకం, తెర చివికినది, తెడ్లు లేనే లేవు. గాలికి అది నడిసముద్రం వైపు కొట్టుకుపోసాగింది. అదృష్టవశాత్తు దొరికిన ఒక గడకర్రతో తోసుకొని ప్రాణాలతో బయటపడ్డారు. మహాసముద్రాలు దాటినవాడికి మృత్యువు అంత దగ్గరగా వచ్చినది ఎవరూ పట్టించుకోని ఆ చిన్న పడవలో!

మన ఆడపడుచుల సంగతీ చెప్పాలి. 2017 సెప్టెంబరులో ఆరుగురు నౌకాదళ అధికారిణులు ‘తారిణి’ అనే తెరచాప నౌకలో గోవా నుంచి బయలుదేరి, 2018 మే 21న భూమిని చుట్టివచ్చారు. వారిలో విశాఖ అమ్మాయి పాతర్లపల్లి స్వాతి, హైదరాబాదు అమ్మాయి బొడ్డపాటి ఐశ్వర్య ఉన్నారు. ఆఖరి అంకంలో చుక్కాని యంత్రం చెడితే మారిషస్ దీవిలో ఆగి బాగుచేయించుకొన్నారు. ఆగారు, బాగుచేసుకొన్నారు, సాగారు.

పుస్తకం మూశాక మా భీమిలి ఒడ్డు గుర్తుకు వచ్చింది. ఒకప్పుడు జాలరులు వేట ముగియగానే తెప్పల కట్లు విప్పి, దుంగలను ఇసుక మీద ఆరబెట్టేవారు. మర్నాడు మళ్లీ కట్టేవారు. ప్రతిదినం విప్పడం, ప్రతిదినం కట్టడం. ఆ దారినే బడికి పోతూ కూడా నేనేమీ నేర్చుకోలేదు. ‘మరమ్మతు’ అరబ్బీ నుంచి వచ్చిన మాట. మన మాట ‘బాగుచేయడం’. బాగు అంటే మేలు. మేలు చేయడం ఒకనాటితో ముగిసే పనా?

స్లోకం గురించి మరికొంత వెతికితే తెలిసింది. ఆయన మొదటి భార్య వర్జీనియా పదమూడేళ్లు ఆయనతో ఓడల మీదనే కాపురం చేసింది, పిల్లలను ఓడల మీదనే పెంచింది. 1884లో బ్యూనస్ ఏరీస్ దగ్గర, ఓడలోనే కన్నుమూసింది. ఆమెనూ పోగొట్టుకొన్నాడు, నేనూ పోగొట్టుకొన్నాను. కాని ఆమె సముద్రాలు చూసింది. ఇది చదివిన రాత్రి నాకు నిద్రపట్టలేదు.

1898లో ప్రయాణం ముగిశాక, తొలిసారి నీటిలోకి దించినప్పుడు స్ప్రేను కట్టిన దేవదారు గుంజకే మళ్లీ తెచ్చి కట్టాడు స్లోకం. 1909లో అదే పడవలో వెళ్లి తిరిగి రాలేదు. ఎంత బాగుచేసుకొన్నా అభయపత్రం ఎవరూ రాసివ్వరు. ఆ సంగతి ఆయనకు తెలియదనుకోను.

మిత్రులారా, నేను అండమాను ఓడకు పేరు ఇచ్చాను. 2024లో శ్రీ విజయపురంగా పేరు మారిన ఆ పోర్ట్ బ్లెయిర్‌కే. అమ్మాయి వద్దంటోంది. వంటింటి పక్క కప్పు ఇంకా ఒకచోట కారుతూనే ఉంది. దానికింద బిందె పెట్టి వెళతాను.

మీలో ఎవరైనా ఆ ఓడ ఎక్కినవారుంటే, వెంట ఏమేమి తీసుకువెళ్లాలో తెలియజేయ ప్రార్థన. సూదీ దారమూ ఇప్పటికే సర్దుకొన్నాను.