ఒత్తుల దగ్గర ఆగిపోయేవాళ్లు

ఆదివారాలు మా కాలనీ గుడి అరుగు మీద పిల్లల చేత తెలుగు చదివిస్తున్నాను. ఐదో తరగతి కుర్రాడొకడు 'అమ్మ' అని ఠక్కున చదివేస్తాడు. పక్కనే 'నిమ్మ' రాస్తే బిక్కమొహం! చదవడం కాదు, పదాన్ని బొమ్మలా గుర్తుపట్టడం అంతే.

ఇలాంటి పిల్లల చదువును పరీక్షించడానికి ప్రథమ్ అనే స్వచ్ఛంద సంస్థ వాళ్లు 2005లో మొదలుపెట్టిన అసర్ సర్వేలో అక్షరాలు, పదాలు, ఒకటో తరగతి స్థాయి పేరా, రెండో తరగతి స్థాయి కథ ఉంటాయి. ఏ తరగతి పిల్లలకైనా అదే కాగితం. తరగతిని బట్టి కాక, చదవగలిగేదాన్ని బట్టి కూర్చోబెట్టే పద్ధతీ వాళ్లదే. నేనూ అలాగే కూర్చోబెట్టా. చిన్నపిల్లల పక్కనా అని ఆ ఐదో తరగతి కుర్రాడు ముఖం ముడుచుకున్నాడు. సరే, హాజరు పిలిచే పని వాడికే ఇచ్చాను. పేర్లలో ఒత్తులకేం కొదవ! ఇప్పుడు దర్జాగా పిలుస్తున్నాడు. 'లక్ష్మి' దగ్గరే ఇంకా నీళ్లు నములుతున్నాడు.