తాడు కట్టిన బూటు

2016 అక్టోబరులో మా బుగ్గారం జగిత్యాల జిల్లాలోకి వచ్చింది. అయినా స్టేడియం అనగానే నా మనసు పాత జిల్లా కేంద్రం కరీంనగర్‌కే, అంబేడ్కర్ స్టేడియానికే పోతుంది.

తెల్లారకముందే అక్కడ సందడి. మోకాళ్ల నొప్పులతో నడిచే పెద్దమనుషులు, ఆటల పిల్లలు, వాళ్ల మధ్య పోలీసు కొలువు కోసం ఉరికే యువత. ఆ కొలువు పరీక్షలో పరుగు మగపిల్లలకు 1600 మీటర్లు, ఆడపిల్లలకు 800. ఒకతని బూటు నోరు తెరిస్తే తాడుతో బిగించి కట్టుకున్నాడు. చేతిలో ఫోను, అందులో పరుగెత్తే సెకన్లు. ఆ పరుగు పతకానికి కాదు, జీతానికి.

2022 నుంచి పల్లెల్లోనూ క్రీడా ప్రాంగణాలు వెలిశాయి. వాటిలో ఖోఖో, వాలీబాల్ ఆడుకోవచ్చు, సరే. ఆ తాడుబూటు పిల్లగాడికి ఊరిలోనే ఉరికేంత జాగా దొరికితే బాగుండు. పొద్దున్నే బస్సు ఛార్జీ మిగులుతుంది, కొత్త బూట్లకు పనికొస్తుంది.